ఊరుకోని చెయ్యి

శుక్రవారం పొద్దున తొమ్మిదింబావుకు కంప్యూటర్ తెర మొత్తం నీలమైపోయింది. నీలం మీద తెల్లటి అక్షరాలు, అక్షరాల కింద బారెడు అంకెలు. వినోద మీట మీంచి చెయ్యి లాగేసుకుంది. నిన్ననే సేటు తెచ్చిన కంప్యూటర్! సెకండ్‌హ్యాండ్‌దైతే మాత్రం, తెచ్చిన మర్నాడే పాడు చేస్తారా ఎవరైనా? సీడీ పెట్టి పావుగంట కాలేదు, అంతలోనే పాడు చేసేసిందా తను?

చెప్పొద్దూ, పాడు చేశాననే అనుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని మార్కండేయస్వామికి ఒక కొబ్బరికాయ మొక్కుకుని కళ్ళు తెరిచింది. తెర నీలంగానే ఉంది. ఇంకో కొబ్బరికాయ కలిపింది. అయినా నీలంగానే ఉంది.

గుజరాత్‌లోని ఉధ్నాలో పరుశురాం సేటు కార్ఖానా అంటే పెద్దదేం కాదు. ఇరవై సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఒక పక్క నూలు కండెలు చుట్టే మిషను, మూలన ఒక అద్దాల గది. పనిచేసేవాళ్ళంతా సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చిన పద్మశాలీలే. ఇరవై సాంచాల్లో పందొమ్మిది సాదా బట్ట నేస్తాయి. ఒక్కటి మాత్రం జాకార్డు. ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో అద్దాల గదిలోని కంప్యూటర్ చెబుతుంది. జాకార్డు ఆ మాట విని చీర అంచులో పువ్వులు, కొంగులో నెమళ్ళు నేస్తుంది. ఆ కంప్యూటర్ ముందున్న కుర్చీ డిజైనరుది.

వినోద పదకొండేళ్ళు కండెలు చుట్టింది. నిలబడి నిలబడి పిక్కలు కట్టెలైపోయేవి. అన్నం తినే అరగంటలో మాత్రం డబ్బా పట్టుకుని అద్దాల గదిలోకి వెళ్ళి, దేవదాస్ మాస్టరు వెనక నిలబడి ఆయన గీసే పువ్వుల్ని చూస్తూ తినేది. రెండేళ్ళు అలా చూసింది. ఒకరోజు ఆయనకు విసుగొచ్చి, "చూసుడే గాని ఎప్పుడన్న గీసేదుందా?" అని మౌసు ఆమె చేతిలో పెట్టాడు. ఇక ఆగలేదు వినోద. నాలుగు నెలల కింద ఆయనకు చూపు తగ్గి భీవండిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతే, కొత్త మాస్టరు దొరికేదాకా అంటూ సేటు ఆ కుర్చీ ఆమెకిచ్చాడు. దొరికేదాకా అన్న ఆ ఒక్క మాట నాలుగు నెలలుగా ఆమెకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంతలో పోయిన వారం వోల్టేజీ ఎక్కువై పాత కంప్యూటర్ కాలిపోయింది. అదీ సరిగ్గా ఎప్పుడు? వినోద సొంతంగా గీసిన చెరుకు అంచు, చీరలు కొనే బార్డోలీ పార్టీకి నచ్చిన వారంలో! నిలువుగా చెరుకు గడలు, గడల కొసన తెల్లటి పూత. కాగితం మీద చూసి, శుక్రవారం మూడింటికి వస్తాం, సాంచా మీద నడిపి చూపించండి అన్నారు వాళ్ళు. పరుశురాం సేటు ఆమెను పిలిచి దాపరికం లేకుండా చెప్పేశాడు.

"మూడింటికి సాంచా మీద అంచు కనవడాలె వినోదా. కనవడ్డదా, మంచిది. లేకుంటె ఈ జాకార్డు ఇప్పి పక్కకు పెట్టి, గీ సాంచా మీద గూడ సాదా బట్టనే నేస్త. నువ్వు నీ కండెల మిషన్ కాడికి పో. నాకు రోజూ గీ పరేషానీ వద్దు."

కోపంతో అన్నాడా అంటే కాదు. అదే ఇంకా భయం. కోపంతో అన్న మాటైతే రేపటికి మర్చిపోతాడు.

కొత్తగా తెచ్చిన కంప్యూటర్‌లో డిజైన్ల ప్రోగ్రాం తెరుచుకోనని మొండికేసింది. అది ఎప్పటి కాలందో. పాత విండోస్ ఎక్స్‌పీ మీద తప్ప నడవదు. రిపేరు షాపువాడు, లక్షలు పోసి కొత్త ప్రోగ్రాం కొనుక్కోండి అని చేతులు దులుపుకున్నాడు. సొరుగులో మాస్టరు దాచిన ఎక్స్‌పీ సీడీ ఉంది. వినోదకు గంగారాం బావ ఉన్నాడు. అక్క జమున మొగుడు. ఇప్పుడు ఇచ్ఛాపూర్‌లో ఫ్యాక్టరీ పని గానీ, అంతకుముందు ఆరేళ్ళు ఉధ్నాలో కంప్యూటర్లు బాగుచేశాడు. "సీడీ పెట్టు, అడిగినదానికల్ల ఎంటర్ కొట్టు, ఏమన్న అయితే నాకు ఫోన్ కొట్టు" అని ధైర్యం చెప్పాడు. చిక్కేమిటంటే ఆ ఫ్యాక్టరీలోకి కెమెరా ఫోన్లు రానివ్వరు. ఆయన దగ్గర ఉండేది మీటల ఫోను, అది కూడా పదింటికి చాయ్‌కి, పన్నెండున్నరకు అన్నానికి మాత్రమే మోగుతుంది. ఫోటో తీసి పంపే దారే లేదు.

పది కొట్టేసరికి వినోద ఫోను చెవికి అంటుకుపోయి ఉంది.

"బావా, నీలం అయింది!"

"ఏంది నీలమైంది మరదలా? చీరనా?"

"నీ పరాచకాలు పక్కకు పెట్టు బావా. తెర నీలమైంది. అంకెలు వచ్చినయ్."

"అట్ల చెప్పు మరి! జర చదువు, ఇంట."

వినోద తెర మీదికి వంగింది. "స్టాప్ అని ఉన్నది. సున్న ఇంటూ సున్న, సున్న, సున్న..."

"ఇంటూ ఏందే?"

"ఇంటూనే బావా, గుణకారం. సున్నను దేంతోని గుణించినా సున్ననే గద! గింత పెద్ద లెక్క ఎందుకు ఏసిండో పిచ్చోడు!"

అటువైపు గంగారాం చాయ్ పొలమారి దగ్గాడు. "అది లెక్క గాదు తల్లీ. ఎక్స్ అంటరు దాన్ని. ముందటియన్ని ఇడిచిపెట్టు. ఆఖర్ల ఏమున్నది?"

తెర మీద ఉన్నది 0x0000007B. "ఏడు, బి!" అని అరిచింది వినోద.

అద్దం అవతల పందొమ్మిది సాంచాలు ఒకేసారి దడదడలాడుతున్నాయి. ఆ చప్పుళ్ళో ఆమె అన్న బి ఇచ్ఛాపూర్ చేరేసరికి డి అయి కూర్చుంది.

"ఏడు డీయా? ఓస్, గింతేనా! మెమరీ సరిపోతలేదు. లోపట ర్యామ్ అని పచ్చ పట్టీ ఉంటది, ఇంకోటి ఏయించు. జల్ది పో!" గంట మోగింది. ఫోను కట్టయింది.

ఇక చూడాలి వినోదను. కాళ్ళలో చక్రాలున్నాయా అన్నట్టు కంప్యూటర్ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. అమ్మిన షాపుకి వెళ్ళింది. వాడు ఉన్న పట్టీ చూసి, "ఇది చాలు కదా బెన్" అన్నాడు, గుజరాతీలో అక్కా అని పిలుస్తూ. చాలదు, మా బావ చెప్పాడు, ఇంకోటి వెయ్యి అని కూర్చుంది. వాడు తల గోక్కుంటూ వెతికి వెతికి సరిపడే పట్టీ ఒకటి పట్టుకొచ్చి వేశాడు. ఆటోలో తిరిగి వచ్చేసరికి పన్నెండు. సీడీ పెట్టింది. గిర్రున తిరిగింది సీడీ.

నీలం. అదే నీలం, అవే సున్నలు, అదే ఏడు, అదే బి.

కండెల మిషను దగ్గర్నుంచి నర్సవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చి అద్దంలోంచి తొంగి చూసింది. నర్సవ్వ కండెల దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషి. అక్కడ ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో ఆమెదే అజమాయిషీ. "ఇంకా గా నీలిమందు నీళ్ళేనా బిడ్డా?" అంది జాలిగా.

ఆ జాలికి వినోదకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. మూడు గంటలు పోయాయి, మూడే మిగిలాయి. బావకు చెప్పినది చెప్పినట్టే చేసింది కదా, మరి తప్పెక్కడ? అంకెలన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా చూసి అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. సాంచాల గోలలో మాట వినబడదని, ఈసారి పన్నెండున్నర కాగానే ఫోను పట్టుకుని గల్లీ బయట రోడ్డు మీదికే పరుగెత్తింది.

"ర్యామ్ ఏయించిన బావా. మల్ల అదే వచ్చింది. ఏడు బి."

"ఏయించినంక గూడ ఏడు డీయేనా? అట్లెట్ల?"

వినోద ఆగిపోయింది. "ఏమన్నవ్? డీయా? డి గాదు బావా, బి!"

"అదే, డి."

"బి! బి బావా, బి! బార్డోలీ బి! బార్డోలీ!"

పక్కనుంచి పోతున్న ఆటో కీచుమని ఆగింది. "బార్డోలీ? బస్‌స్టాండ్ తక్ ఛోడ్ దూఁ?" అన్నాడు డ్రైవరు, దింపనా అన్నట్టు. "పోవయ్యా బాబూ, పో!" అని చెయ్యి విసిరింది వినోద.

"బార్డోలీ బియా!" అన్నాడు ఫోన్లో గంగారాం. "ఓరి నాయనా! పొద్దున నాకు డి అని ఇనవడ్డదే. డి అయితే మెమరీ. బి అయితే రోగమే వేరు. నీ కంప్యూటర్ మంచిగనే ఉన్నది, నువ్వేం ఖరాబ్ చెయ్యలే."

ఖరాబ్ చెయ్యలే! ఆ ఒక్క మాటకు నడిరోడ్డు మీద ఎగిరి గంతేయాలనిపించింది వినోదకు.

"ఇను, ఇను," అన్నాడు గంగారాం. "ఊరికెల్లి గిప్పుడే రైలు దిగినోనితోని గడగడ గుజరాతీల మాట్లాడితే ఏం జేస్తడు? బిక్కమొహం ఏసుకొని నిలబడతడు గద? గంతే. ఎక్స్‌పీ పాతది. ఈ కంప్యూటర్ల హార్డ్‌డిస్క్ మాట్లాడేది కొత్త భాష. దానికి సమజైతలేదు. నువ్వు దాన్ని పాత భాషల మాట్లాడుమని చెప్పాలె. కంప్యూటర్ చాలు చేసుడుతోనే డిలీట్ మీట టకటక కొట్టు. ఒక లిస్టు వస్తది. అండ్ల సాటా మోడ్ అని ఉంటది. ముందట ఏ హెచ్ సి ఐ అని ఉంటే, దాన్ని ఐ డి ఈ చెయ్యి. ఎఫ్ పది కొట్టు. ఇగ సీడీ పెట్టు, మొదటి సంది నడుపు. రాసుకున్నవా?"

రెండో అరచేయి కూడా నిండిపోయింది. "గీ నడుమున్న డి ఎవరి డి బావా?" అని అడిగింది, ఈసారి వదలకుండా.

"దేవదాస్ డి!" అన్నాడు గంగారాం నవ్వుతూ. "ఇగ అయిదింటి దాకా నేను దొరకను మరదలా. నీదే భారం."

గదిలోకి వచ్చి డిలీట్ మీటను వడ్లు దంచినట్టు దంచింది. లిస్టు వచ్చింది. సాటా మోడ్ కనబడింది. ఏ హెచ్ సి ఐ. బావ చెప్పినట్టే ఉంది ముండా! బాణం గుర్తులతో దిగి, ఐ డి ఈ చేసి, ఎఫ్ పది కొట్టింది. సీడీ తిరిగింది. తెర మళ్ళీ నీలమైంది. పై ప్రాణాలు పైనే పోయాయి కానీ, ఇది వేరే నీలం. దీని మీద సున్నలు లేవు. స్వాగతం చెబుతోంది!

"వచ్చింది! నర్సవ్వా, వచ్చింది!" అని గదిలోంచే కేకేసింది.

అడిగినచోటల్లా ఎంటర్ కొట్టింది, ఒప్పుకుంటావా అంటే ఎఫ్ ఎనిమిది కొట్టింది, హార్డ్‌డిస్క్ తుడిచెయ్యనా అంటే తుడిచెయ్యమంది. పసుపు పట్టీ ఒకటి ఎడమ నుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది. అది నిండేసరికి ఒకటీ అయిదు. కంప్యూటర్ తనంతట తానే ఆగి మళ్ళీ లేచింది. నల్లటి తెర మీద ఒకే ఒక లైను వచ్చి నిలబడింది. ప్రెస్ ఎనీ కీ టు బూట్ ఫ్రమ్ సీడీ.

వినోద చదువు ఏడో తరగతి. ప్రెస్ అనే మాట మాత్రం ఆమెకు బాగా తెలుసు, మిషన్ల మీద రాసి ఉంటుంది. పైగా పదకొండేళ్ళు మిషన్ల మధ్య బతికిన చెయ్యి అది. మిషను ఆగితే ఊరుకోదు. పోగు తెగిందా, కండె అయిపోయిందా అని బుర్ర ఆలోచించేలోపే చెయ్యి వెళ్ళి మీట నొక్కి వస్తుంది. నొక్కింది.

మళ్ళీ స్వాగతం. మళ్ళీ ఎంటర్లు, మళ్ళీ ఎఫ్ ఎనిమిది, మళ్ళీ పసుపు పట్టీ. ఇదంతా ఇంతేనేమో, రెండు వాయిలు వెయ్యాలేమో అనుకుంది. ఒంటిగంట ఇరవైకి మళ్ళీ నల్ల తెర, మళ్ళీ అదే లైను. టక్కున నొక్కింది.

మళ్ళీ స్వాగతం!

"నీ స్వాగతం మన్నుగాను! ఎన్నిసార్లు రమ్మంటవే నన్ను!" అని పళ్ళు నూరింది వినోద. బావ దొరకడు. సేటు ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకుంటూ గది ముందు నుంచి పోయాడు. పసుపు పట్టీ మూడోసారి పాకుతుంటే, దాన్నే గుడ్లప్పగించి చూస్తూ నిలబడింది. మొదటి ఫైలు, రెండో ఫైలు. అవే పేర్లు, అదే వరుస. మొదటి పోగు నుంచి మళ్ళీ మొదలు.

మొదటి పోగు నుంచి!

ఆ మాట తట్టగానే వినోద నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. జాకార్డు సాంచా మీద రెండు మీటలుంటాయి. పోగు తెగి సాంచా ఆగితే ముడేసి పచ్చ మీట నొక్కాలి, డిజైను ఆగిన చోటి నుంచే సాగుతుంది. తెలియని వాడు పక్కనున్న ఎర్ర మీట నొక్కాడో, సగం నేసిన పువ్వు నడుము దగ్గర తెగి, డిజైను మళ్ళీ మొదటి పోగు నుంచి మొదలవుతుంది. ఆ తప్పుకి కార్ఖానాలో తిట్లు తినని మనిషి లేడు. అంటే తను నొక్కుతున్నది పచ్చ మీట కాదు, ఎర్ర మీట! సీడీ నుంచి మొదలుపెట్టాలంటే ఏదో ఒకటి నొక్కు అంటోంది అది. నొక్కకపోతే? నొక్కకపోతే ఆగిన చోటి నుంచి సాగుతుంది!

"నేనే! నేనే చేస్తున్న!" అని నెత్తి కొట్టుకుంది. నవ్వాగలేదు. ఎంత తెలివితక్కువ పని, ఎంత మంచి కబురు! పొద్దున్నుంచి అది చెడిపోలేదు, తన చెయ్యి ఊరుకోలేదంతే.

ఒకటీ ముప్పై అయిదు. పట్టీ నిండింది. వినోద రెండు చేతులూ చంకల్లో బిగించుకుని బల్లకు రెండడుగులు వెనక్కి జరిగింది. నల్ల తెర వచ్చింది. లైను వచ్చింది. లైను చివర చుక్క పడింది. ఇంకో చుక్క. చేతులు చంకల్లో గిలగిల కొట్టుకుంటున్నాయి, వదిలితే పారిపోయేలా ఉన్నాయి. మూడో చుక్క.

అప్పుడే తలుపు తోసుకుని పరమేశ్ లోపలికొచ్చాడు. జాకార్డు సాంచా నడిపేది అతనే, ఇరవై రెండేళ్ళ అనుభవం. "ఏం చెల్లె, ఎంతవరకు..." అంటూ తెర చూశాడు. మిషను ఆగి ఉంది. చెయ్యి చాచి, తాపీగా, ఎంతో సాయం చేస్తున్నట్టు స్పేసు మీట నొక్కాడు.

వినోద పెట్టిన కేకకు పక్క సాంచావాడు పోగు వదిలేశాడు.

"అన్నా! ఏం జేసినవే!"

"ఆగింది గద చెల్లె," అన్నాడు పరమేశ్ బిత్తరపోయి. "ఆగింది గద అని నొక్కిన!"

తను రెండుసార్లు చేసిందీ అదే. మళ్ళీ పదిహేను నిమిషాలు. మళ్ళీ ఎంటర్లు, ఎఫ్ ఎనిమిది, పసుపు పట్టీ. పరమేశ్ చెంపలేసుకుని, పాపం, గుమ్మం దగ్గరే కాపలా నిలబడ్డాడు. సంగతి కార్ఖానా అంతా పాకి, పని అయిపోయినవాళ్ళు ఒక్కరొక్కరే వచ్చి అద్దానికి ముక్కులు ఆనించారు. పట్టీ నిండబోతుండగా వినోద అందరి వైపూ తిరిగింది.

"ఇనుండ్రి! ఇప్పుడు మిషన్ ఆగుతది. ఆగితే ఆగనీయండ్రి. ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు. పెట్టినోని చెయ్యి ఇరగ్గొడత!"

"నా చేతులు గట్టిగ పట్టుకోరా," అన్నాడు పరమేశ్ పక్కవాడితో. తమాషాకి కాదు, నిజంగానే.

నల్ల తెర. లైను. ఒక చుక్క. రెండు. మూడు. నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగు. అయిదు. తెర మీద లైను అలాగే ఉంది. ఒక్క క్షణం, ఏమీ లేదు. వినోదకు చెవుల్లో సాంచాల చప్పుడు కూడా వినబడటం మానేసింది.

తెర వెలిగింది. నీలం కాదు, నలుపు కాదు, రంగులు! ఎడమ పక్కన అక్షరాలు వచ్చాయి. ఇంకా ముప్పై తొమ్మిది నిమిషాలు.

అద్దం అవతల ఈలలు, చప్పట్లు! పెళ్ళిలో తాళి కట్టినప్పుడు కూడా అంత గోల ఉండదు. "పోయింది! ముందటికి పోయింది!" అని వినోద నర్సవ్వను పట్టుకుని గిర్రున తిప్పింది. "ఇడువే పిల్లా, నడుము!" అని నర్సవ్వ మొత్తుకుంటూనే నవ్వింది.

ముప్పై తొమ్మిది నిమిషాలు అన్నది ఇరవై అయిదు నిమిషాల్లోనే అయిపోయింది, మంచిదేగా. మధ్యలో ఒకచోట ఆగి, నీ పేరేమిటి అని అడిగింది. వినోద అలవాటుగా దేవదాస్ అని కొట్టడం మొదలుపెట్టింది. డి, ఈ, వి దాకా వెళ్ళి ఆగింది. మాస్టరు భీవండిలో ఉన్నాడు. సేటు బయట ఫోన్లో బార్డోలీవాళ్ళకు దారి చెబుతున్నాడు. పొద్దున్నుంచి దీంతో కుస్తీ పట్టింది ఎవరు? వెనక్కి చెరిపేసి, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ వినోద అని కొట్టింది. కొట్టాక దొంగతనం చేసినదానిలా చుట్టూ చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. యంత్రం కూడా ఏమీ అనకుండా ఆ పేరు తీసుకుని ముందుకు సాగింది. సీడీ కవరు మీద మాస్టరు రాసిన పొడవాటి నంబరు అడిగింది. ఒకచోట ఎనిమిది కొడితే తప్పంది. కళ్ళు చికిలించి చూస్తే అది ఎనిమిది కాదు, బార్డోలీ బి!

రెండూ ఇరవైకి పచ్చటి కొండ, నీలాకాశం తెర మీద విచ్చుకున్నాయి. చూసి మురవడానికి తీరికెక్కడిది? కంప్యూటర్ వెనకాల లాక్ అనే చిన్న ముక్క తగిలించింది. అది లేకపోతే డిజైన్ల ప్రోగ్రాం నోరు విప్పదు. ప్రోగ్రాం సీడీ పెట్టి ఎక్కించింది. జాకార్డు తీగ కలిపింది. పాత కంప్యూటర్ కాలకముందే డిజైను దాచుకున్న పెన్‌డ్రైవ్ పెట్టి చెరుకు అంచు తెరవమంది. గళ్ళ మీద గళ్ళు, చుక్కల మీద చుక్కలు, నిలువునా లేచి నిలబడ్డాయి గడలు. ఒక్క చుక్క కూడా పోలేదు!

మూడింటికి ఏడు నిమిషాలుండగా గల్లీలో కారు హారను వినబడింది. సేటు ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు. వస్తూనే అద్దాల గది వైపు, అయిందా లేదా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. వినోద గదిలోంచి పరుగున వెళ్ళి జాకార్డు పక్కన నిలబడింది.

"పరమేశన్నా! ఇప్పుడు నొక్కు! నీ మనసు తీర నొక్కు!"

పరమేశ్ పచ్చ మీట నొక్కాడు. సాంచా దడదడమంది. పైన కొక్కేలు లేచాయి, పడ్డాయి, లేచాయి. వేలెడంత సాదా అంచు వచ్చింది. ఏమీ లేదు. ఇంకాస్త వచ్చింది. ఆకుపచ్చ పోగు ఒకటి తల ఎత్తింది. దాని పక్కన ఇంకొకటి. కణుపు వచ్చింది. కణుపు మీద ఇంకో కణుపు. అందరూ చూస్తుండగానే గడ లేచింది, గడ కొసన తెల్లటి పూత విడింది. వినోద చేత్తో నోరు మూసుకుంది. గీసినప్పుడు అది ఇంత బాగుంటుందని ఆమెకే తెలియదు.

బార్డోలీ పెద్దాయన వంగి కళ్ళద్దాలు పైకి తోసుకుని, నడుస్తున్న బట్టను వేలితో తాకాడు. "అరే వాహ్, అమారీ శేర్డీ!" అన్నాడు. మా చెరుకే అని పక్కాయనతో చెప్పుకుని మురిసిపోయాడు. తర్వాత సేటు వైపు తిరిగి, ఈ డిజైను మాస్టరు ఎవరని అడిగాడు.

సేటు గడ్డం నిమురుకున్నాడు. బట్ట చూశాడు, వినోద రెండు అరచేతుల నిండా ఉన్న పెన్ను రాతలు చూశాడు. "గీమెనే," అన్నాడు. ఆ తర్వాత గొంతు పెంచి, సాంచాల మీదుగా కండెల మిషను వైపు కేకేశాడు.

"నర్సవ్వా! రేపటి సంది కండెల కాడికి ఇంకో మనిషిని సూసుకో. వినోద ఇగ అటు రాదు!"

"నాకెప్పుడో ఎర్క సేటూ!" అని అక్కడి నుంచి నర్సవ్వ కేకేసింది.

వినోదకు కళ్ళ నిండా నీళ్ళు, మూతి నిండా నవ్వు. పొద్దున్నుంచి కంప్యూటర్ ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అద్దాల గదిలోకి వెళ్ళి, తన కుర్చీ లాక్కుని, అందులో కూర్చుంది.